డోరిస్ ఇంటి మూలమలుపు, మా అత్త గుమ్మడికాయ

పోయిన వారం మా అమ్మాయి ఓక్‌విల్ నుంచి ఫోన్ చేసి, "అమ్మా, నాన్న తెచ్చిన గాలిమరలు దించేస్తున్నారట, వాటికి వయసైపోయిందట" అంది. పాల ధర పెరిగిందన్నంత మామూలుగా చెప్పింది. పొయ్యి మీద సంగటి కెలుకుతున్నదాన్ని, కట్టె గిన్నెలోనే వదిలేసి కూర్చున్నాను. మనుషులకు వయసైపోతుంది, ఎద్దులకు వయసైపోతుంది. ఆకాశంలో నిలబడి తిరిగే ఇనప స్తంభానికి కూడా ఇరవయ్యేళ్లకే వయసైపోతుందని మా ఆయన నాకెప్పుడూ చెప్పలేదు. చెప్పకుండానే వాటికంటే ముందు తను వెళ్లిపోయాడు. "నన్ను తీసుకుపోయి చూపించు" అన్నాను. "వీక్‌డేలో మీటింగులుంటాయమ్మా, శనివారం పోదాం" అంది. "శనాదివారాలు అంత పొడుగు సరుకును రోడ్డెక్కనివ్వరు. మీ నాయన కాలం నుంచీ అదే రూలు" అన్నాను. పాపం, సెలవు పెట్టింది. నేను చదివింది మూడో తరగతి. నా రాత కోడి కెలికినట్టుంటుంది. అందుకని నేను చెబుతుంటే మార్కమ్‌లో ఉండే శారదగారు రాస్తున్నారు. లెక్చరరుగా చేసి రిటైరైన మనిషి. అక్కడక్కడా నా మాటలు నున్నగా చేస్తానన్నారు. ముల్లు తీసేస్తే చేపకు రుచేముంటుందండీ, ఉండనివ్వండి అన్నాను.

అప్పట్లో మేం కెనడాకు కొత్త, ఎటోబికోలో ఒక బేస్‌మెంట్‌లో ఉండేవాళ్లం. నెత్తి మీద విమానాలు, చుట్టూ గోడౌన్లు, లారీలు. నాకు ముప్పై దాటి ఒకటో రెండో. పొద్దున అమ్మాయిని స్కూల్లో దింపి, విమానాల్లోకి భోజనాలు కట్టే వంటశాలకు పోయేదాన్ని. నా ఇంగ్లీషంతా అక్కడ నేర్చిందే. వెజ్, నాన్‌వెజ్, హర్రీ అప్, సారీ. ఆ నాలుగు మాటలతో ఈ దేశంలో చాలా దూరం పోవచ్చు. మా అత్త నాగమ్మ ఆరు నెలల విజిటర్ వీసా మీద వచ్చి మాతో ఉంది. సూట్‌కేసులో రెండు చీరలు, ఒక రోకలి, ఒక చేట తెచ్చుకుంది. మా ఇల్లంతా ఎండుమిరపకాయల పోపు, కాలిన సంగటి, మా ఆయన బూట్ల డీజిల్ వాసన కలిసి ఒక వాసన వేసేది. ఇప్పుడు నా అపార్ట్‌మెంట్‌లో ఎంత తుడిచినా వచ్చేది నిమ్మకాయ సబ్బు వాసనే.

అత్త పెళ్లైన నాటి నుంచీ కళ్లాల్లో కొర్రలు, జొన్నలు తూర్పారబట్టిన మనిషి. గాలంటే ఆమెకు సొంత ఆడబిడ్డ లాంటిది. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు అలుగుతుందో తెలుసు. పొద్దున లేవగానే బేస్‌మెంట్ మెట్లెక్కి బయటికి పోయి, చేట ఎత్తి గుప్పెడు తవుడు వదిలి, అది ఎటు పోతుందో చూసి వచ్చి మాకు చెప్పేది. ఆ తవుడు రోజూ పోయి పై ఇంటి ఓనరు కారు మీదే పడేది. ఆయన అది చెట్ల పుప్పొడి అనుకుని చాలా రోజులు అలర్జీ మాత్రలు మింగాడు.

మా ఆయన ఊర్లో ఉన్నప్పుడు పెద్ద పెద్ద ఇనప దూలాలు మోసే లారీలు తోలేవాడు. ఘాట్ రోడ్లు ఎక్కించిన చెయ్యి. ఇక్కడికి వర్క్ పర్మిట్ మీద వచ్చి రెండేళ్లు మామూలు ట్రైలర్ తోలాక, కంపెనీవాళ్లు గాలిమరల పనిలో వేశారు. రెక్కలు ఓడలో సరస్సు రేవుకు వస్తాయి. అక్కడి నుంచి పొలాల దాకా ఒక్కో లారీ మీద ఒక్కో రెక్క. ఒక మరకు మూడు రెక్కలు, స్తంభం ముక్కలు, పైన కూర్చునే బస్సంత మిషను, అన్నీ విడివిడిగా వచ్చి అక్కడ క్రేన్‌తో కలుస్తాయి. రెక్క మాత్రం ముక్కలుగా రాదు, నిలువునా ఒకటే. లావుగా ఉన్న మొదలు లారీ తలకాయ వైపు, సన్నటి కొస వెనకాల గాల్లోకి వేలాడుతూ, దాని చివర ఒక ఎర్రగుడ్డ. అంత పొడుగుదానికి వెనక చక్రాలు వేరే మనిషి తిప్పాలి. మలుపు వచ్చినప్పుడు ఆ మనిషి కిందికి దిగి, మెడలో ఒక డబ్బా తగిలించుకుని, దాని మీటలు నొక్కుతూ లారీ వెనకాల నడుస్తాడు. డప్పు కొట్టేవాడు ఊరేగింపు ముందు నడుస్తాడు కదా, ఈయన వెనకాల. ఆ వెనక చక్రాల మనిషిగా మా ఆయన్ని పెట్టారు. ఎక్కడైనా తోక తగిలితే మాట పడేదీ ఆయనే, ఇంటికి పోయేదీ ఆయనే. పర్మిట్ ఆ కంపెనీ పేరు మీదే ఉంది. వాళ్లు వద్దంటే మా ముగ్గురికీ ఊరికి టికెట్టే.

"అది చేసే పని ఏందిరా?" అని అత్త అడిగింది. మా ఆయన టేబుల్ ఫ్యాను చూపించాడు. "ఇది కరెంటు తిని గాలి కక్కుతుంది. అది గాలి తిని కరెంటు కక్కుతుందిమా. ఉల్టా ఫ్యాను." అత్త చాలాసేపు ఫ్యాను వంక చూసింది. మర్నాడు నేను పని నుంచి వచ్చేసరికి కిటికీ తీసి, ఫ్యాను తలకాయ బయటికి పెట్టి, బేస్‌మెంట్ అంతా మంచుపెట్టె చేసి కూర్చుంది. "రెక్కలు తిరుగుతాండాయి కానీ బల్బు వెలగల్లేదే సుంకీ" అంది. నా పేరు సుంకమ్మ. కోపం లేనప్పుడు సుంకీ. ఆమెకు అర్థం కాలేదనుకోకండి. గాలి ఎక్కువైతే రెక్కలు పక్కకు మళ్లి గాలిని జారవిడుస్తాయని మా ఆయన చెప్పగానే, "అంతే కదరా, పెనుగాలికి చేట కిందికి దించకపోతే పొట్టుతోపాటు గింజ గూడా పోతాది" అంది. అది మా ఆయనకే అప్పటిదాకా అంత బాగా తెలియదు.

మొదటి రెక్క సోమవారం కదలాలి. శనివారం సాయంత్రం మా ఆయన అన్నం సరిగ్గా తినలేదు. దారిలో ఒక మూలమలుపు ఉందట. అక్కడ డోరిస్ అని ఒక ముసలామె ఇల్లు, ఇంటి మూలన ఆమె చనిపోయిన మొగుడు కట్టిన పాత గాలిమర. ఆవులకు నీళ్లు తోడే ఆ నీటిమర ఇప్పుడు తుప్పు పట్టి నిలబడింది. లారీ కుడికి తిరిగితే తోక ఎడమకు, సరిగ్గా ఆ మూల మీదుగా పోవాలి. చుట్టుపక్కల పొలాలన్నీ కొత్త మరలకు సరేనన్నా ఆమె మాత్రం నా నేల మీద వద్దు పొమ్మంది. తోక పోవడానికి మాత్రం కంచె తీయనిచ్చింది, అదీ నెలల తరబడి బతిమాలితే. నీటిమరకు గీత పడితే మాత్రం ఒప్పుకోనంది. "ఎట్ల తిరుగుతాదో చూపించు" అంది అత్త. మా ఆయన సాంబారుకని తెచ్చిన మునక్కాడను నేల మీద పెట్టి, ఉప్పుడబ్బాను నీటిమర చేసి, మునక్కాడ మొదలును ఒక చేత్తో, నడుమును ఇంకో చేత్తో పట్టుకుని మెల్లగా తిప్పాడు. కొస ఉప్పుడబ్బాకు బెత్తెడు దూరంలో పోయింది. ఎనిమిదిసార్లు తిప్పాడు. ఒక్కసారి తగిలింది. ఆ ఒక్కసారి అత్త చూసింది.

"రేపు ఆ మూలకు పోదాం పా" అంది. ఆదివారం నన్నూ, అమ్మాయినీ, అత్తనూ కార్లో వేసుకుని మూడు గంటలు తోలాడు మా ఆయన. గుమ్మడికాయల కాలం అది, దారిపొడవునా పొలాల ముందు కుప్పలు పోసి అమ్ముతున్నారు. అత్త ఒకటి ఎంచుకుంది. "అత్తా, మనకు బూడిద గుమ్మడికాయ కదా కావల్సింది?" అన్నాను. "దేశాన్ని బట్టి గుమ్మడికాయ" అంది. మలుపు దగ్గర కారాపి, కాయకు బొక్క చేసి, అందులో పొట్లం కుంకుమంతా గుమ్మరించి, కర్పూరం వెలిగించి, కొడుకును నిలబెట్టి మూడుసార్లు తిప్పి నడిరోడ్డు మీద వేసి కొట్టింది. ముక్కలు డోరిస్ గేటు దాకా ఎగిరాయి. వాన తుంపర పడుతుండేసరికి కుంకుమ పారి రోడ్డంతా ఎర్రగా అయింది. మాకు మనసు చల్లబడింది. తిరిగొస్తూ దారిలో ఆలూ చిప్స్ కూడా తిన్నాం.

సోమవారం పొద్దున వంటశాలలో ఉండగా ఫోన్. మా ఆయన గొంతు బావిలోంచి వచ్చినట్టుంది. "డోరిస్ పోలీసుల్ని పిలిచింది. ఇంటి ముందు నెత్తురు పోసి బెదిరిస్తున్నారని చెప్పింది. గాలిమరలు వద్దన్నందుకు కంపెనీవాళ్లే చేయించారంటోంది. కంచె మళ్లీ కట్టిస్తోంది. రెక్క రేవులోనే ఆగిపోయింది."

"నువ్వేం చెప్పావయ్యా?"

"మా అమ్మ చేసిందని చెప్పినా."

"వాళ్లేమన్నారు?"

"మీ అమ్మకు కంపెనీ మీద ఏం కోపమని అడిగినారు." మళ్లీ తనే అన్నాడు, "మేనేజరు గురువారం దాకా టైమిచ్చినాడు సుంకీ. ఆమెతో ఒప్పించుకుంటే సరి. లేకపోతే పర్మిట్ కాయితం తెచ్చివ్వమన్నాడు."

మంగళవారం నేను పని మానేసి, తెల్లవారకముందే లేచి ఓళిగలు, అదే బొబ్బట్లు, చేశాను. తప్పు చేసినవాళ్లు చేతులూపుకుంటూ పోకూడదు. అత్తతో కలిసి ముగ్గురం పోయాం. డోరిస్ తలుపు గొలుసు తీయకుండా నాలుగు వేళ్ల సందులోంచి చూసింది. పొడుగ్గా, సన్నగా, మగవాళ్ల టోపీ పెట్టుకుని. ఆమె మాటలు నాకు సగమే అర్థమయ్యాయి. ఆ సగం చాలు, మిగతా సగం అంతకన్నా బాగుండి ఉండదు. మా ఆయన నోరు తెరిచేలోపు నేను ముందుకు పోయాను. "సారీ. నో బ్లడ్. వెజ్. ఓన్లీ వెజ్" అన్నాను.

ఆమె మా ఆయన వంక చూసింది. మా ఆయన నేల వంక చూశాడు. దిష్టి అంటే ఏమిటో ఇంగ్లీషులో చెప్పబోయి, కళ్లు, చెడ్డ కళ్లు, లారీ, కళ్లు అని అక్కడే తిరుగుతున్నాడు. డోరిస్ ముఖంలో భయం ఇంకా పెరిగింది. ఇంతలో అత్త నా మోచేతిని గిల్లింది. "ఏమే సుంకీ, ఈ దొరసాని యాల మన మీద ఎగురుతాంది? ఈమె చేసిన పని చూడు!" అని మెట్ల వైపు చూపించింది. మెట్టుకొకటి చొప్పున మూడు గుమ్మడికాయలు. కళ్లు కోసి, కోరలు కోసి, లోపల కొవ్వొత్తి పెట్టి. హాలోవీన్‌కు పిల్లల కోసం పెడతారని నాకు తెలుసు. ఊర్లో మన ఇళ్ల ముందు బూడిద గుమ్మడికాయకు గుడ్లూ కోరలూ నాలుకా రాసి వేలాడదీస్తామే, అచ్చం అదే ముఖం. ఎవరి మీద కోపంతో పెడతాం? ఇంటికి చెడు రాకుండా.

"సేమ్!" అని అరిచాను. "యువర్ పంప్కిన్, మై పంప్కిన్, సేమ్! యూ కటింగ్, వీ బ్రేకింగ్!" అత్త ఆ పెద్దకాయ ముందు కూర్చుని, దాని కోరలు తడిమి, చేతులెత్తి దండం పెట్టింది. "పనితనం శానా బాగుండాదని చెప్పు" అంది. మా ఆయన చెప్పాడు. డోరిస్ అత్తను చూసింది, కాయను చూసింది, గొలుసు తీసింది. "ఎవరికి చెడు రాకూడదని కొట్టారు?" అని మా ఆయన్ని అడిగింది. "నాకు" అన్నాడు ఆయన. "తోక తిప్పేది నేనే." ఆమె మమ్మల్ని లోపలికి రమ్మంది. టీ పెట్టింది.

కానీ టీ వేరు, కంచె వేరు. నీటిమర గురించి మాట రాగానే ఆమె కప్పు కింద పెట్టేసింది. కంపెనీ ఇంజనీరు తెచ్చిన పటాలు నాలుగు అల్మరాలోంచి తీసి బల్ల మీద పడేసింది. "కాగితం మీద అన్నీ సరిగ్గానే తిరుగుతాయి" అంది. అత్తకు ఇంగ్లీషు రాదు కానీ ఆ ముఖం అర్థమైంది. చేతిసంచి విప్పి మునక్కాడ తీసింది. శనివారం నాటిదే. కొంచెం వాడింది. "ఇదిగో, తిప్పి సూపీరా" అంది. డోరిస్ బల్ల మీద, డోరిస్ ఉప్పుసీసా చుట్టూ మా ఆయన మునక్కాడ తిప్పాడు. ఈసారి ఒక్కసారి కూడా తగల్లేదు. తర్వాత డోరిస్ తను తిప్పింది. సీసా పడి ఉప్పంతా ఒలికింది. "నీ చేతికిస్తే అంతే కదప్పా, అందుకే మావాడు ఉండాడు" అంది అత్త. ఆ మాట ఇంగ్లీషులోకి పోకుండానే డోరిస్ నవ్వింది. కంచె తీయిస్తానంది. ఓళిగ కొరికి, లోపలేముంది అని అడిగింది. "వెజ్" అన్నాను.

బుధవారం గాలి. గాలి కోసమే పుట్టిన రెక్క గాలికి భయపడి రేవులోనే పడుకుంది. పెనుగాలిలో దాన్ని రోడ్డు మీదికి తేకూడదట, లారీనే తిరగేస్తుందట. గురువారం మేమూ ఆ మలుపు దగ్గరికి పోయాం. మేనేజరు కర్రకు కట్టిన మీటరుతో గాలి కొలుస్తున్నాడు. అత్త డోరిస్ కోళ్ల దగ్గర గుప్పెడు పొట్టు తీసుకుని చేటలోంచి వదిలి, "గంటలో గాలి పడిపోతాది" అంది. మూడు గంటలు పట్టింది. కెనడాలో గంటలు పెద్దవి అని తేల్చింది.

ముందు పసుపు లైట్ల కారు, దాని వెనక పోలీసు కారు, ఆ తర్వాత అది. రెండు కొబ్బరిచెట్లు ఒకదాని కొసకు ఒకటి కట్టి, సున్నం కొట్టి పడుకోబెట్టినట్టుంది. డోరిస్ కుర్చీ తెచ్చుకుని నీటిమర ముందు వేసుకుంది, తగిలితే ముందు నాకే తగలాలని. అత్త ఊరుకుంటుందా, ఇంకో కుర్చీ అడిగి పక్కనే కూర్చుంది. నేను తీయగా మిగిలిన కంచె స్తంభాన్ని పట్టుకున్నాను. లారీ తలకాయ కుడికి మళ్లింది. తోక మెల్లగా, అలిగిన పెద్దమనిషిలా, మా వైపుకు రావడం మొదలుపెట్టింది. దాని కింద నారింజ రంగు చొక్కాలో మా ఆయన, ఒక్కడే, మెడలో డబ్బా. ఇల్లంత దాని పక్కన నా మొగుడు అగ్గిపుల్లంత ఉన్నాడు. రెండు అడుగులు, ఆగడం. మీట నొక్కడం. రెండు అడుగులు. తోక ఇద్దరు ముసలాళ్ల నెత్తి మీదికి వచ్చింది. కొసకు కట్టిన ఎర్రగుడ్డ ఎగిరి డోరిస్ టోపీని కొట్టి కింద పడేసింది.

అంతా ఆగిపోయింది. మా ఆయన మొహం సున్నమైపోయింది. డోరిస్ వంగి టోపీ తీసుకుంది, దుమ్ము దులుపుకుంది, నెత్తిన పెట్టుకుంది, వెనక్కి తిరిగి నీటిమరను పైనుంచి కింది దాకా చూసింది. తర్వాత ఎద్దును తోలినట్టు చెయ్యి ఊపింది, పోనీ పోనీ అని. తోక దాటిపోయింది. మా ఆయన మలుపు దాటాక రోడ్డు పక్కన కూర్చుని బూటు లేసు కట్టుకున్నాడు. ఆ లేసు ఊడలేదు. నాకు తెలుసు. అత్త మాత్రం, రెక్క పోతుంటే ఆ గాలికి నీటిమర ఒక చుట్టు తిరిగిందంది. తిరగలేదని డోరిస్. తిరిగిందని అత్త. ఒకరిది తెలుగు, ఒకరిది ఇంగ్లీషు, అరగంట వాదించుకున్నారు. ఎవరూ ఓడిపోలేదు.

ఆ సీజనంతా రెక్కలు ఆ మలుపు మీదుగానే పోయాయి. వీసా అయిపోయి అత్త ఊరికి వెళ్లాక, ఒక రోజు మా ఆయన నవ్వుకుంటూ ఇంటికి వచ్చాడు. కొత్త మర తాలూకు మొదటి రెక్క వచ్చే ముందు డోరిస్ తనే రోడ్డు మీదికి వచ్చి గుమ్మడికాయ కొట్టిందట. కుంకుమ లేదని లోపల టమాటా కెచప్ పోసిందట. "పనిచేసిందా?" అన్నాను. "తోక తగల్లేదు కదా" అన్నాడు. ఇప్పుడు ఆ ముగ్గురిలో ఎవరూ లేరు. అత్త ఊర్లో పోయింది, డోరిస్ మంచాన పడి పోయింది, ఆయన గుండె ఒక మధ్యాహ్నం లారీ యార్డులో ఆగిపోయింది. పర్మిట్ పోయి ఇక్కడే ఉండిపోవచ్చనే పీఆర్ వచ్చింది, పీఆర్ పోయి పాస్‌పోర్ట్ వచ్చింది. ఆ కాయితాలన్నిటికీ అడుగున ఒక మునక్కాడ ఉందని మా అమ్మాయికి చెబితే, "సీరియస్లీ?" అంటుంది.

మొన్న మలుపు దగ్గర కారు ఆపింది అమ్మాయి. దించిన రెక్కలను రంపంతో మూడు ముక్కలు చేసి మామూలు లారీల మీద పడేసి తీసుకుపోతున్నారు. వెనక నడిచే మనిషి అక్కర్లేదు, కంచె తీయక్కర్లేదు, ఎవర్నీ బతిమాలక్కర్లేదు. ఎంత భయపడుతూ, ఎంత మర్యాదగా తెచ్చాం వాటిని! పోయేటప్పుడు చెరుకు గడల్లా పోతున్నాయి. దాటిపోయే ప్రతి ముక్కనూ మొదలుదా, కొసదా అని చూశాను, తెలియలేదు. నీటిమర మాత్రం అక్కడే ఉంది, ఇంకా తుప్పు పట్టి, ఇంకా నిలబడి. దాని ముందు గడ్డిలో తోక పోయే దారికి గుర్తుగా కొత్తగా నారింజ రంగు మేకులు పాతారు. వచ్చే వారం కొత్త రెక్కలు వస్తాయట, పాతవాటికన్నా చాలా పొడుగువి. వెనక చక్రాలు తిప్పేవాడు ఎవరో, ఏ దేశంవాడో నాకు తెలియదు. వాడింట్లోనూ ఒక ఆడది ఫోన్ మోగితే ఉలిక్కిపడుతుంది. కారు డిక్కీ తీశాను.

"అమ్మా, నో. ప్లీజ్. ఇప్పుడందరి ఇళ్లకూ కెమెరాలుంటాయి" అంది అమ్మాయి. నేను అప్పటికే కాయకు బొక్క చేసి, బ్యాగులో కుంకుమ పొట్లం వెతుకుతున్నాను. డోరిస్ ఇంటి తలుపు తెరుచుకుంది. పొడుగ్గా, సన్నగా ఒక అమ్మాయి. ఆ ఎముకలు చూస్తేనే మనవరాలని తెలుస్తోంది. నన్నూ, నా చేతిలో కాయనూ చూసి, గబుక్కున లోపలికి పోయింది. "గ్రేట్. పోలీసుల్ని పిలుస్తోంది" అని మా అమ్మాయి తల పట్టుకుంది. నేను కదల్లేదు. నాకు నాలుగు మాటల ఇంగ్లీషు ఉంది, చాలు.

ఆ పిల్ల మళ్లీ బయటికి వచ్చింది. చేతిలో పెద్ద కెచప్ సీసా. తిన్నగా వచ్చి మా అమ్మాయి చేతిలో పెట్టి, ఇది లేకుండా కొడితే పనిచేయదని వాళ్ల అమ్మమ్మ చెప్పిందని చెప్పింది.

మా అమ్మాయి సీసా పట్టుకుని నా వంకా ఆ పిల్ల వంకా చూసింది. తర్వాత మూత తీసి, నేను పట్టుకున్న కాయ మీద వంచి, "ఎంత పొయ్యాలమ్మా?" అంది.

"నిండా పొయ్యి" అన్నాను. "రెక్క పొడుగు పెరిగింది కదా."